చీకట్లో రాసుకున్నవి

త్రియెస్తేలో బోరా గాలి లేచిన రోజున
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు, పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునైనా సరే
ప్రొఫెసర్ ఎగోన్ పెర్తోత్
గురువారం మూడింటి ఆటకి వెళ్లేవాడు.

శుక్రవారం పొద్దున్నే నా చేత టైపు చేయించేవాడు:
"సినిమా తల ఎత్తనివ్వదు.
పుస్తకమైతే, వాక్యం మీద వేలు పెట్టి
కిటికీలోంచి ఓడల్ని చూడొచ్చు.
అక్కడ ఏ ఓడా మన కోసం ఆగదు."
పదకొండుసార్లు కొట్టాను ఆ మాటలు.
పదకొండుసార్లూ చివర "బహుశా" అని చేర్చాడు,
మర్నాడొచ్చి కొట్టేయించాడు.

కోటు జేబులో కాగితాలుండేవి.
హాల్లో, చీకట్లో, పెన్సిలుతో రాసుకున్నవి.
వరస మీద వరస ఎక్కి
బెల్లం ముక్క మీద చీమల్లా.
"ఏముందో చదవండి, నెరీనా."
"మీరు రాసిందేగా?"
"రాశాను. చూడలేదు."

ఓసారి నేను రిబ్బను మారుస్తుంటే
నల్లబడ్డ నా వేళ్లకేసి చూస్తూ చెప్పాడు.
మూగ సినిమాల కాలం. తనకి ఏడేళ్లు.
నోనాకి చదువు రాదు, ఇటాలియన్ అసలే రాదు.
తెర మీద అక్షరాలు పడగానే
వీడు చదివి, స్లోవీన్‌లోకి తిప్పి
అవి చెరిగిపోయేలోగా ఆవిడ చెవిలో వేయాలి.
గుసగుసగానే. ఆ భాష బయటికి వినపడకూడని రోజులు.
మళ్లీ అక్షరాలెప్పుడొస్తాయా అని కాచుకునే కళ్లకి
మధ్యలో వచ్చిపోయే మొహాలు అడ్డం.

ఇంటికెళ్తూ నోనా అడిగేదట:
"ఉత్తరం చించేముందు ఆ పిల్ల ఎలా నవ్విందో చూశావురా?"
"ఉత్తరంలో ఏముందో నాకు తెలుసు" అనేవాడట.

కిందటి చలికాలం, ఫిల్మ్ క్లబ్బులో
పాత మూగ సినిమా వేస్తున్నారని నన్నూ రమ్మన్నాడు.
కళ్లద్దాలు మర్చిపోయానన్నాడు.
పై జేబులోంచి వాటి కాడ కనిపిస్తూనే ఉంది.
"అక్షరాలు మీరు చదవండి. మెల్లిగా."

చదివాను. ముప్పై ఏళ్లుగా ఆయన మాటలు కొట్టినదాన్ని,
ఆయన చెవిలో ఒక్క మాట వేయడానికి గొంతు వణికింది.
ఎక్కడో పెన్సిలు దొర్లి
ముందు వరసల కిందకి పోయింది.
వెతకలేదు.

బయట గాలి. తాడు పట్టుకున్నాం.
"ఆ ముసలివాడు గొడుగు తిరిగిచ్చేటప్పుడు..."
అని ఆగి, నా వైపు తిరిగాడు.
"చూశారా?"

లేదు. అప్పుడు నేను
తర్వాతి అక్షరాల కోసం చూస్తున్నాను.

శుక్రవారం మిషను మూత తీసి కూర్చున్నాను.
చాలాసేపు ఏమీ చెప్పలేదు.
తర్వాత, "ఎక్కడున్నాం?" అన్నాడు.
"బహుశా దగ్గర" అన్నాను.