రెండు ఆఠీన్ల మీద డబుల్

మ్యాపులో జుబైల్ మాకు దక్షిణాన ఉంటుంది.
బల్ల మీద మాత్రం వాజిద్ సాబ్ ఉత్తరం,
మంగాఫ్ నాలుగో బ్లాకులో నేను దక్షిణం.
ఆరేళ్లుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం.
గడ్డం నెరిసిందో లేదో తెలీదు,
అసలు గడ్డం ఉందో లేదో.
చేతిలో నాలుగు ఇస్పేట్లుంటే
ఎంతసేపు ఆగుతారో మాత్రం తెలుసు.

గురువారం రాత్రి, ఫైనలు.
కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కినా
కీబోర్డు మీద దుమ్ము.
దూరంగా రిఫైనరీ మంట
గాలికి ఒకే పక్కకి వాలి కాలుతోంది.
అవతలి గదిలో మస్కట్ నుంచి నెవిల్, పర్వీన్,
మా జట్టే,
ఇవే పంపకాల్ని అటువైపు నుంచి ఆడుతున్నారు.
ఇక్కడ మాకు ఎదురు షార్జా మొగుడూపెళ్లాలు.

తొమ్మిదో బోర్డు.
ఆయన ఒకటి నోట్రంప్‌తో తెరిచారు.
తూర్పు రెండు ఆఠీన్లంది.
నా చేతిలో ఆఠీను ఒకే ఒక్కటి, అయిదు.
ఇస్పేటు రాజు, జాకీ, వెంట రెండు చిల్లర ముక్కలు.
డబుల్ అన్నాను.

నెట్టులో ఆడే ఆటకి ఒక మర్యాద ఉంది:
నీ మాటకు అర్థం నువ్వే చెప్పాలి,
ఎదుటివాళ్లకు మాత్రమే.
చిన్న గడిలో రాశాను:
"శిక్ష కాదు. నాకు ఆఠీన్లు లేవు.
మిగతా మూడు రంగుల్లో ఏదో ఒకటి చెప్పమని."
షార్జాలో ఇద్దరూ చదువుకున్నారు.
థాంక్యూ అని కూడా అందావిడ.
వాజిద్ సాబ్‌కి కనబడింది
ఒక ఎర్ర ఇంటూ గుర్తు.

నలభై సెకన్లు.
ఆలోచనో, జుబైల్లో నెట్టు పడిపోయిందో.
తెలిసినా తెలియనట్టే ఉండాలి, అదీ రూలే.

పాస్.

మా ఒప్పందాల కాగితంలో అది పదిహేడో లైను.
మొన్న రంజాన్ వరకూ ఆ డబుల్ శిక్షే.
ఒక సహరీ వేళ మార్చుకున్నాం,
ఆయన నిద్రమత్తులో,
నేను నైట్ షిఫ్టులో డీజిల్లో గంధకం ఎంతో రాసుకుంటూ.
నా కాగితం దిద్దాను.
ఆయన కాగితం ఆయన దిద్దుకున్నారో లేదో
అడగలేదు.

నా ఒంటి అయిదు నేనే వేశాను,
తురుపు లాగుతున్నదాన్లా ధీమాగా.
ఆవిడ నింపాదిగా ఎనిమిది పట్లూ ఏరుకుంది.
ఆరువందల డెబ్బై.
అవతలి గదిలో మా ముక్కలతోనే
మూడు ఇస్పేట్లు, సరిగ్గా తొమ్మిది పట్లు.
పదమూడు ఇంపులు పోయాయి.
మ్యాచి పదకొండుతో పోయింది.

నెవిల్ ఏమీ అనలేదు. పర్వీన్ ఒక టీకప్పు బొమ్మ పెట్టింది.
వాజిద్ సాబ్ విడిగా రాశారు:
"గలతీ నాదే బేటీ. పదిహేడు మరిచిపోయిన."
కాసేపాగి ఇంకొకటి:
"ఆరో బోర్డుల ఉత్త పాస్‌కి నిమిషం తీసుకున్నవ్. నెట్టేనా?"

ఆరో బోర్డులో కార్గోవాడు ఫోన్ చేశాడు,
ఎన్ని పెట్టెలని.
నాలుగన్నాను.
ఇరవై ఎనిమిదిలోపు ఖాతా మూసేయమని
బ్యాంకు పిల్లాడికి చెప్పాను.
ల్యాబు వేరే కంపెనీకి ఇచ్చేశారనీ
నా అకామా ఇక పొడిగించరనీ
ఫ్లాటు చూడ్డానికొచ్చిన మలయాళీ జంటకి
పూసగుచ్చినట్టు చెప్పాను.
వాళ్లు ఫ్రిజ్ కూడా బేరమాడుకుని వెళ్లారు.
ఈ లీగు గల్ఫులో ఉన్నవాళ్లకే,
పేరు రాసేటప్పుడు అకామా నంబరు అడుగుతారు.
ఎవరెవరికో, చిన్న చిన్న గడుల్లో,
అర్థాలన్నీ రాసిచ్చాను.
ఎదురుగా కూర్చున్నాయనకి
ఇంటూ గుర్తైనా పెట్టలేదు.

ఆట అయిపోయాక
ఆగిన చోటుని చదవడం తప్పు కాదు.
అందుకే అప్పటిదాకా ఆగి అడిగారాయన.

కాదు, అని కొట్టాను.
అవతల ఆయనేం టైపు చేయడం లేదు.
ఈసారి ఆ నలభై సెకన్లూ నావి.