లంకె

కొత్తవాడ మూలమీద నా జిరాక్స్ డబ్బా.
కరెంటొచ్చిన పావుగంటకే చిందం ఓదెలు దిగిండు,
చంకల పాత పేపర్ల చుట్టిన
జంపఖానా నమూనాలు, నలభై మూడు.

అన్నీ స్కాన్ చేసిన. మెయిలుకు తగిలిస్తే
సగం దాకా ఎక్కి
గట్టుకాడ ఎద్దులెక్క మొండికేసింది. బరువెక్కువట.

"లింకు పెడ్త, పెద్దయ్యా."
నీలం అక్షరాల వరుసొకటి, కింద గీత.
"గింతేనా? నా పూలేవి, నా నెమళ్లేవి?"
"ఈడనే ఉంటయ్. వాళ్లకు తొవ్వ చెప్పినం, అంతే."

ఆ గీతను చానసేపు చూసిండు,
పడుగుల తెగిన పోగును ఎతికినట్టు.
"లంకె అను మరి.
లంకెబిందెలని మా అవ్వ చెప్పంగ విన్న,
ఒక్కటి గూడ దొరకలే."

మాపటికి సోలాపూర్ నుంచి ఫోను:
తలుపు తెరుసుకుంటలేదు, అనుమతి అడుగుతున్నది.
తాళమేసి మరిచింది నేనే.
తీస్తుంటే ఓదెలు నా మోచేతి పక్కన నిలబడి
"చూసుడు మటుకే ఇయ్యి. ముట్టుడు వద్దు" అన్నడు.

తెల్లారి మళ్ల వచ్చిండు, నిద్రలేని కండ్లతోని.
పదిహేడో దాంట్ల అంచు తప్పు:
రాసింది ఎరుపు, నేసేది ఇటుకరంగు.
పోయిన ఉత్తరం ఎనకకు వస్తదా?
ఇక్కడ దిద్దిన. అక్కడా మారింది.
"నేసినంక దిద్దుడు మాకు లేదు బిడ్డా" అని
కుర్చీల కూలబడ్డడు.

పోయేముందు గొంతు తగ్గించి
"చూసేటోళ్ల లిస్టుల నా పేరు గూడ ఎక్కియ్యి" అన్నడు.
ఆయనకు మెయిలు లేదు. తెరిచిన.
అందులకు మొదటి ఉత్తరం నేనే పంపిన,
ఒక్క మాట రాయలే.
నీలం గీత.
ఆయన వేలు దాని మీద
ముట్టీ ముట్టనట్టు ఆగింది.