ద్రాక్షతొక్కలు

కూమా ఆసుపత్రి. జూలై పొద్దు.
జెల్ సీసాని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాను
ముసలాయన పొట్ట ఉలిక్కిపడకూడదని.

లెస్టర్ ట్రెగీ. ఎనభై రెండు.
నలభై యేళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన నడుం
బల్ల మీద కూడా తిన్నగా పడుకోదు.
రాత్రి దగ్గు తెరలో నోటినిండా ఉప్పునీళ్ళొచ్చాయట.
"సముద్రం మొహం చూసి ఇరవై యేళ్ళయింది,
అదే నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టుంది" అన్నాడు.
నీళ్ళ వెంట ద్రాక్షతొక్కల్లాంటివి.
రుమాల్లో మడిచి తెచ్చాడు,
చాలాకాలపు చేబదులు తీర్చేవాడిలా.

కాలేయం మీద ప్రోబ్ ఆనించాను.
నల్లటి గుండ్రం. లోపల పిల్లగుండ్రాలు,
దానిమ్మ కోసినట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుని.
పక్కదాంట్లో పొర ఊడిపోయి నీటిమీద తేలుతోంది.
పుస్తకాల్లో దానికి కలువ అని పేరు.
పెట్టినవాడికి దగ్గు లేదు కాబోలు.

పైత్యనాళం నొక్కుకుపోయి కళ్ళు పసుపెక్కాయి.
పైన డయాఫ్రం తొలుచుకుని
ఊపిరితిత్తిలోకి సన్నటి దారి.
ఉప్పు తర్వాత చేదు వస్తుంది.
పొట్టలోకి పగిలితే
ఒళ్ళంతా దద్దురెక్కి, నాడి చేతికందదు.
ఇవన్నీ డాక్టరు చెప్పాల్సిన మాటలు.
నేను కొలవాలంతే.
పదకొండు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు.

ముప్పై అయిదో యేట ఎక్స్‌రేలో
నిమ్మకాయంత ఉందన్నారట, తీసేద్దామన్నారట.
అప్పుడు కత్తిరింపుల కాలం.
"నొప్పే లేదు. లేనిదాన్ని కోయించుకోవడమేంటి?"
మరుసటేడు కరువు. ఆ పైయేడు కూతురు.
ఇదిగో, ఇప్పుడు తీరింది.

ఫారంలో ఒక ప్రశ్న: కుక్కలతో మెలిగారా?
"టాన్సీ" అన్నాడు వెంటనే, మొహం విప్పారి.
"గొర్రెని కోసిన రోజు పచ్చి కాలేయం నేనే విసిరేవాణ్ణి.
తినొచ్చి నా ఒళ్ళో పడుకునేది. దాని మెడ నిమిరి
ఆ చేత్తోనే రొట్టె తుంచుకునేవాణ్ణి."
సగంలో ఆగిపోయాడు.
లెక్క తనంతట తనే కలిపినట్టున్నాడు.
"దాని పేరు రాయకు.
చచ్చి నలభై యేళ్ళు, జవాబు చెప్పుకోలేదు."

అవును అని టిక్కు పెట్టాను.
పేరుకి ఎలాగూ గడి లేదు.

జెల్ తుడుస్తుంటే అడిగాడు,
రుమాలు తిరిగిస్తారా అని.
ల్యాబ్‌కి పోవాలి అన్నాను.
చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటూ
దాని మూల వైపే చూశాడు.
నీలి దారంతో కుట్టిన రెండక్షరాలు,
రెండోది కొంచెం వంకర.