ఎల్ బోర్డు

కైలాసగిరి ఘాట్ రెండో మలుపులో
మా శాంత్రో ఊపిరి పట్టేసింది.
మొదటి గేరు, కాలికింద నిండా యాక్సిలరేటర్,
నడక మాత్రం ఆయాసగాడిది.
స్టీరింగ్ వదలకుండానే వరహాలమ్మ
"నేనేమన్నా తప్పు చేశానా మేడమ్?" అంది.
లేదన్నాను.
అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

ఆటోనగర్‌లో అసిరినాయుడు
కారు కింద వెల్లకిలా దూరి
సుత్తి పిడితో రెండు పోట్లు పొడిచాడు.
లోపల పగిలిన గాజుల చప్పుడు.
"కన్వర్టర్ సచ్చిపోనాది మేడమ్.
కుళ్లిన గుడ్డు కంపు రాలేదేటి ఇన్నాళ్లూ?"
వచ్చింది.
రిఫైనరీది అనుకున్నాను.
ఈ ఊళ్లో ఏ కంపుకైనా ముందు ఆ పేరే చెప్పుకుంటాం.

కోసి తీశాడు. రవ్వలు అతని చొక్కా మీద పడి ఆరిపోయాయి.
రేకు చీలిస్తే లోపల తేనెపట్టు,
పింగాణీది,
రవ్వ జల్లెడకన్నా సన్నని కన్నాలు.
ఒక పక్క గదులన్నీ గదులుగానే ఉన్నాయి.
రెండో పక్క కరిగి, ముద్దకట్టి,
అడుగంటిన పాయసం గిన్నె.

"ఇది ఊరికే సావదు.
కాలని పెట్రోలు మింగి మింగి సస్తాది.
మీ గుంటలు క్లచ్ టపీమని వదిలేత్తారు గదా,
బండి ఎగిరెగిరి ఆగిపోద్ది గదా,
అదంతా ఎక్కడికెల్తాదనుకున్నారు?"

పద్దెనిమిదేళ్లు. రిజిస్టరులో లెక్కుంది:
రెండువేల మూడొందల పద్నాలుగు మంది.
ఓడంత క్రేను ఆడించే చేతులు
ఇంత చక్రం పట్టుకుని వణికిన జగ్గారావు.
లైసెన్సొచ్చిన మర్నాడే ఇంట్లో చెప్పకుండా
భీమిలి దాకా వెళ్లి, చేపలు కొనుక్కొచ్చిన కుసుమకుమారి.
బ్రేకనుకుని క్లచ్ తొక్కి
మర్రిపాలెంలో టీ బండిని ముద్దాడిన లెక్కల మాస్టారు.
అందరికీ ఒకటే మాట చెప్పాను,
"పర్లేదు, మళ్లీ స్టార్ట్ చెయ్."
ఆ పర్లేదులన్నీ ఎవరు మింగుతున్నారో
ఒక్కనాడూ వంగి చూడలేదు.

"కొత్తది తొమ్మిదివేలు. ఉత్త గొట్టమైతే పన్నెండొందలు.
పైగా పాతదానికి రజాక్ భాయ్ రెండువేలిస్తాడు,
లోపల ప్లాటినమంట. మీకే ఎదురు లాభం."
నా మొహం చూసి, గొంతు తగ్గించి,
"ఊరంతా బొగ్గుపొడే మేడమ్.
మీ పొగెంత? సముద్రంలో కాకిరెట్ట."

అదీ నిజమే. జ్ఞానాపురంలో మా కిటికీ గట్టు మీద
పొద్దున్నే వేలితో నా పేరు రాసుకోవచ్చు.

గొట్టం వేయించాను.
రజాక్ భాయ్ తేనెపట్టుని ఉల్లిపాయల్లా తూచి
గోనెసంచిలో వేసుకుని పోయాడు.

కారు నిజంగానే కుర్రకారైంది.
ఘాట్ ఎక్కింది, గర్జించింది,
"మన బండికి గొంతొచ్చింది మేడమ్" అని వరహాలమ్మ మురిసింది.
మూడో రోజు ఎన్ఏడీ దగ్గర సిగ్నల్లో ఆగాం.
అలవాటుగా అన్నాను,
"అద్దం చూడు. వెనక ఎవరున్నారో తెలియకుండా కదలకూడదు."
ఆమె చూసింది. నేనూ చూశాను.
మోపెడ్ మీద ఒకాయన,
ముందు నిలబెట్టుకున్న పాపకి
తన తువ్వాలు తీసి ముక్కుకి కడుతున్నాడు.
మా వైపు కోపంగా కూడా చూడలేదు.
ఊరి గాలే అంత అనుకున్నాడేమో.
రిఫైనరీ అనుకున్నాడేమో.

ఆ నెల చీటీ నష్టానికి పాడాను.

"ఇదేటి, మళ్లొచ్చినారు?" అని నవ్వాడు అసిరినాయుడు.
గొట్టం విప్పి మేకుకి తగిలించాడు, ఇంకొకరి కోసం.
"ముందు కాయిలూ ప్లగ్గులూ మార్చాల,
నేపోతే ఇదీ సస్తాది.
మార్చినా, మీ బళ్లో సస్తాది. కాకపోతే నెమ్మదిగా."

మళ్లీ రెండో మలుపు.
వరహాలమ్మ కాలు జారింది,
కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.
ఆ నిశ్శబ్దంలో
సీటు కింద కొత్త రేకు వేడికి
టిక్కు, టిక్కు.
ఆమె నా మొహంలోకి చూస్తోంది.
నోటి చివరిదాకా వచ్చిన మాటని
ఒక్క క్షణం ఆపి, అప్పుడు అన్నాను.