ఎడమ తలుపు

మురకంబట్టు దాటినాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడ పక్కన
రేకుల కింద నిలబెట్టినాడు గజేంద్ర నాయుడు.
నిన్న రాత్రే పూసిన ఆకుపచ్చ రంగు,
చెయ్యి పెడితే వేలికంటుకుంది.
"రెండు లక్షలా ముప్పై. నీకు కాబట్టి."
నాకు కాబట్టి అనే మాట
ఈ నెలలో ఇది నాలుగో నోట వినడం.

నేను గోపాలమిత్రని.
నత్రజని క్యాను స్కూటర్ ముందర పెట్టుకోని
పలమనేరు పైన గుట్టల్లో తిరిగేవాణ్ణి.
ఎదకొచ్చిన ఆవు నా కోసం ఆగదు.
పొంగిన వంక అసలే ఆగదు.
మూడో మలుపు కాడ స్కూటర్‌ని బండకు ఆనించి
క్యాను భుజానికెత్తుకుంటే
మూతలోంచి చల్లటి పొగ
మెడ మీద పాకతాది.
ఇది అవసరం. కాగితం మీద రాసి పెట్టుకున్నా.

రాయనిది ఇంకొకటుండాది.
నా తొమ్మిదో ఏట
ఫారెస్టోళ్ళ జీపు మా వీధిలో ఆగింది.
ఇంజను ఆపినాక కూడా
కొంచేపు వణికింది.
ఆ వణుకు మీద అరచెయ్యి పెట్టినా.
అంతే. ఇంకేం జరగలా.

మెకానిక్కు పీరాసాబు కిందికి దూరి పండుకున్నాడు.
ఆయన కాళ్ళు మాత్రమే బయట.
ఎడమ కాలు ఊగితే బాగుందని లెక్క,
రెండూ కదలకుంటే ఖర్చని.
చానా సేపు రెండూ కదల్లేదు.
"ఛాసిస్‌కి అతుకుండాది. పాతదే. మంచి అతుకు."
మంచి అతుకేంది సాబూ?
"ఇంగ ఆ తావున మాత్రం ఇరగదు."

పొట్ట కింద పుంగనూరు దూడ దూరేంత ఎడం.
టైర్లు గుండు కొట్టించుకున్నట్టుండాయి.
వాటికి ముప్పై రెండు వేలు,
ఎఫ్‌సీకి, ఇన్సూరెన్సుకి, బ్యాటరీకి...
వేళ్ళ కణుపులు అయిపోయి
మళ్ళీ బొటనవేలు కాడికే వచ్చినా.

నీవా నది ఇసకలోకి తోలినాం.
వెనక చక్రాలు అమాంతం కూరుకుపోయినాయి.
చిన్న కడ్డీ మొదటిసారి పడలేదు,
రెండోసారి నన్ను తిట్టింది,
మూడోసారి ముందు చక్రాలు నిద్ర లేచి
ఇసకని పరపరా నమిలినాయి.
గట్టు మీద మేకలు కాసే పిల్లోడు ఈలేసినాడు.
ఆ ఈలకి ఇంకో ఇరవై వేలు ఇచ్చేద్దునేమో,
పీరాసాబు నా మోకాలు గిల్లకపోయుంటే.
ఒడ్డెక్కి తిరిగేటప్పుడు
ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఆర్‌సీ పుస్తకంలో మూడు పేర్లు.
రెండో పేరు కింద పెన్సిల్‌తో ఫోన్ నంబరు,
వల్లియమ్మ, నగరి.
నాయుడు టీకి పోయినప్పుడు చేసినా.

"ఆ బండా? ఎడమ తలుపు ఇంకా తెరుచుకుంటాందా?"
తెరుచుకుంటాందమ్మా.
ఆమె నవ్వింది. వెనక మగ్గం చప్పుడు.
"వానల్లో మోసం చెయ్యదు. కొండెక్కమంటే ఎక్కతాది.
డీజిలు మాత్రం పసిబిడ్డ మాదిరి, గంటకోసారి అడగతాది."
మరెందుకమ్మినావమ్మా?
మగ్గం ఆగింది.
"ఎక్కడికైనా పోతాది కదా అని
మా ఆయన ఎక్కడెక్కడికో పోయొచ్చేవాడు.
ఇంటికి దారి బాగుండాది,
తారు రోడ్డు, గుంత కూడా లేదు.
ఆ దారిలో ఆయనకి ఏమీ తోచలా."

ఫోను పెట్టేసినాక
కాగితం మళ్ళీ తీసి చూసినా.
ఆవులు, వంకలు, మూడో మలుపు. అన్నీ నిజమే.
ఒక్కటీ అబద్ధం కాదు.
అయినా చదవతా ఉంటే
వేరే ఎవరో రాసినట్టుండాది.

నాయుడు టీ తెచ్చినాడు, మూడు గ్లాసులు.
"ఏమనుకున్నావు?"
రేపు చెప్తానన్నా.
పీరాసాబు చేతులు తుడుచుకుంటా
నా వైపు చూడకుండా
"తీగె ముక్క యాడ దొరికింది?" అన్నాడు.

అప్పుడు చూసుకున్నా.
టీ పక్కన పెట్టి
ఎడమ తలుపుని
రెండు చుట్లు చుట్టి
బిగించి కట్టతా ఉండాను.