ఎర్ర జెండా వేళ

చీమకుర్తి నుంచి రామతీర్థం పోయే దారిలో
మధ్యాహ్నం ఒంటిగంటకు సైరన్ మోగుతుంది.
క్వారీ అంచున ఎర్ర జెండా లేస్తుంది.
టీకొట్టు రమణమ్మ పొయ్యి ఆర్పదు గానీ
గాజుగ్లాసులు బల్ల మీంచి దించి
గోనెపట్టా మీద పెడుతుంది.
నేను మైక్రోస్కోపు మీద చెయ్యి వేసి పట్టుకుంటాను
పసిబిడ్డ మాడు పట్టుకున్నట్టు.
అప్పుడు భూమి ఒక్కసారి దగ్గుతుంది.

ఇవాళ్టి స్లైడు బుదు ముదులిది.
కోరాపుట్ మనిషి, డ్రిల్లు పట్టే పని.
"మొన్న వచ్చింది, నిన్న లేదు, ఇయ్యాల మళ్లా వచ్చిందమ్మా"
తోటివాడు చెబుతున్నాడు.
బుదు మాత్రం రోహిణి ఎండలో
మూడు దుప్పట్ల కింద
పళ్లతో రాయి కొడుతున్నాడు.

రంగులో ముంచి, కడిగి, ఆరబెట్టి
చుక్క నూనె వేసి వంగి చూశాను.
ఉబ్బిన ఎర్రకణం, ఒంటి నిండా గులాబి నలుసులు
మా నల్లరాతిలో బంగారు నలుసుల్లాగే.
ఆ రాయిని గెలాక్సీ అని అమ్ముతారు.
దీన్ని వైవాక్స్ అని రిజిస్టర్లో రాస్తాను.
నడుమ కాస్త గోధుమరంగు మసి, చుట్టూ పదహారు.
మళ్లీ లెక్కపెట్టాను. పదహారే.
రెండు రోజులు ఆ ఇంటినే తిని
ఇప్పుడు జెండా కోసం చూస్తున్నాయి.

నెల్లూరు హాస్టల్లో, ఫ్యాను తిరగని గదిలో
ఎమ్మెస్సీకి బాణం గుర్తులు గీసి గీసి బట్టీ పట్టాను.
బాణం అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ముందు ఉంగరంలా చుట్టుకున్న ఓ చిన్న అణువు
సూపర్‌వైజర్ చెవిలో ఊదుతుంది.
కైనేజు దాని పేరు.
అది లోపలి కొట్టు తలుపు తడితే
చిటికెడు సున్నం చిమ్ముతుంది.
కాల్షియం అని రాస్తే మార్కులు,
సున్నం అంటే మా అమ్మమ్మ తమలపాకు.
ఆ చిటికెడుకే కత్తెర ప్రొటీన్లు ఒర దిగుతాయి,
లోపలి గోడ ముందు, బయటి గోడ వెనక.
ఒక్క ఇంట్లో కాదు,
ఒళ్లంతా, దాదాపు ఒకే పూట.
బుదు పళ్లు కొట్టుకునేది అందుకే.

క్వారీలో కాశయ్యది రంగుడబ్బా పని.
లేచిన రాయిని సుత్తితో తట్టి, చెవి పెట్టి విని
మంచిదానికి నిలువుగీత, అది పోర్టుకి.
లోపల చీలికుంటే అడ్డగీత, డంపుకి.
రాయి అదే రాయి.
గీత పడ్డాక దారి వేరు.
ప్రొటీనుకైనా అంతే,
ఒక ఫాస్ఫేటు అంటుకుంటే లేచి పనిలోకి దిగుతుంది,
ఇంకో రకం చీటీ అంటుకుంటే
కణం దాన్ని ముక్కలు చేసి
ఆ ముక్కల్నే మళ్లీ వాడుకుంటుంది.

మాకు ఆ తెలివి లేదు.
డంపు గుట్టలైంది.
గుట్టల నడుమ గుంటల్లో నిరుటి వాననీళ్లు,
నీటి పైన అడ్డంగా పడుకుని తేలే
దోమ పిల్లలు.

మూడు రోజుల మాత్రల్లో మొదటివి నా ఎదుటే మింగించాను.
పద్నాలుగు రోజులవి చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నాను.
కాలేయంలో కొన్ని నిద్రపోతుంటాయి మరి.
జెండాకి లేవవు, సున్నానికి లేవవు.
ఏ కబురు విని లేస్తాయో
ఏ బాణమూ చెప్పలేదు.
పరీక్షలో ఆ ప్రశ్న రానూ లేదు.

ఆరు రోజులయ్యాక ఆశా కార్యకర్త మార్తమ్మ వెళితే
రేకుల షెడ్డు ఖాళీ.
మేస్త్రీ అందర్నీ బల్లికురవ క్వారీలకి తోలాడట.
కిటికీ గట్టున ఎనిమిది మాత్రలు.

అక్కడి ల్యాబుకి ఫోను చేశాను.
"బుదునా? ఇక్కడ బుదులే నలుగురున్నారక్కా" అంది ఆ పిల్ల.

కవర్లో మాత్రలు వేసి, పైన చీటీ అంటించి
బస్సు కండక్టరు చేతికిచ్చాను.
అటు తిప్పి, ఇటు తిప్పి చదివాడు.
"పేరు సరే మేడమ్,
దిగేదెక్కడో రాయలేదే?"