రెండు డిగ్రీలు ఎక్కువ

హెలేరి తెచ్చిన చిత్తుప్రతి, మూడో పేజీ.
"నీళ్ళు ఇరవై రెండు డిగ్రీలు దాటి మూడు రోజులుంటే
తింట్ చేప బతకదు."
వాక్యం చివర ఐదు పేర్లు,
శుభలేఖ అడుగున బంధుమిత్రుల్లా.

"వీటిలో ఎన్ని చదివావు?"
అబద్ధం ఆడలేదు ఆ పిల్ల.
"ఒకటి. అదీ సారాంశం వరకే."

తార్తులో మార్చి నెల.
కిటికీ అవతల ఎమయోగి నది
మంచు పెచ్చుల్ని మోసుకుపోతోంది.
మేమిద్దరం ఆ అంకె అడుగుజాడ పట్టుకున్నాం.
రెండువేల పద్నాలుగుని అడిగితే
నాకు రెండువేల మూడు చెప్పింది అంది.
రెండువేల మూడు తొంభై ఆరు మీదికి తోసింది.
తొంభై ఆరు కాస్త నీళ్ళు నమిలి
ఎనభై ఏడుని చూపించింది.

ఎనభై ఏడు నేనే.

నా పేరు, నా ఇంటిపేరు,
అప్పట్లో పదేపదే తెరిచి చూసుకున్న అచ్చు.
"తెలిసిన విషయమే" అని రాశాను.
పక్కన డెబ్భై ఒకటి నాటి రష్యన్ నివేదిక,
పేజీ నలభై ఏడు.
దాన్ని నేను కంటితో చూడలేదు.
ఇంకెవరి జాబితాలోంచో ఎత్తుకున్నాను,
ఎంగిలి అని తెలిసీ
ఆకలి మీద తిన్నట్టు.

నివేదిక నేలమాళిగలో దొరికింది.
మొత్తం ముప్ఫై రెండు పేజీలు.
నలభై ఏడో పేజీ లేదు.
హెలేరి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.
చివరి పేజీలో, చీమతలంత అక్షరాల్లో పాదసూచిక:
ఉప్పుచేపల సహకార సంఘం, లెక్కల పుస్తకం, పేజీ నలభై ఏడు.

సరస్సు ఒడ్డుకి బస్సులో గంట.
ముప్ఫై ఏడేళ్ళుగా గంటే.

ఒడ్డు పొడుగునా ఒకటే వీధి, ఇరుపక్కలా ఉల్లి మళ్ళు.
ఫెవ్రోనియా అనే ఆవిడ తలగుడ్డ సవరించుకుని
కొయ్యపెట్టె అడుగునుంచి పుస్తకం తీసింది.
అమ్మమ్మ కపితొలీనాది. ఉప్పు కొట్టంలో లెక్కలు రాసేదట.
ఊదారంగు పెన్సిలు, తడి తగిలినచోట సిరాలా పాకింది.
బస్తాలు, బాకీలు, ఉప్పు ధర,
మధ్యలో ఆరు వరుసలు:

"జూలై పదకొండు. మూడో రోజు కూడా నీళ్ళు ఇరవై రెండు.
చిన్న తింట్‌లు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి.
వాటికుండే దోసకాయ వాసన లేదు.
ఎండకో, పైన మిల్లు వదిలిన నీళ్ళకో నాకు తెలీదు.
ఈ థర్మామీటరు ఉల్లి ఆరబెట్టే గదిది, రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.
తర్వాత చూసేవాళ్ళు తగ్గించి చదువుకోవాలి."

తర్వాత చూసేవాళ్ళు.
హెలేరి లెక్కపెట్టింది, ముప్ఫై ఒక్క వ్యాసాలు.
అన్నింట్లోనూ అంకె ఉంది.
"నాకు తెలీదు" మాత్రం
మొదటి మజిలీలోనే దిగిపోయింది.
థర్మామీటరు ఎక్కడ దిగిందో.
కపితొలీనా అయితే ఎక్కనేలేదు.

మే నెలలో హెలేరి వ్యాసం పంపింది.
ఆధారాల్లో ఆ పుస్తకానికి నాలుగు వరుసలు పట్టింది:
రాసిన మనిషి పూర్తి పేరు, ఏడాది, పేజీ,
ఎవరింట్లో, ఏ పెట్టెలో.
పత్రిక వాళ్ళ పట్టిక అడిగింది,
గ్రంథమా, వ్యాసమా, ఇతరమా?
"ఇతరం" దగ్గర చాలాసేపు ఆగింది ఆమె వేలు.
అసలు వాక్యం కూడా మారింది. చివర "కావచ్చు" చేరింది.
ఒక సమీక్షకుడికి నచ్చలేదు, బలహీనంగా ఉందన్నాడు.

నా సవరణ వేయడానికి
ఎనభై ఏడు నాటి పత్రిక ఇప్పుడు లేదు.
అందుకని గ్రంథాలయానికి వెళ్ళి
నా వ్యాసం తెరిచి, చుట్టూ చూసి,
"తెలిసిన విషయమే" పక్కన అంచులో
పెన్సిలుతో రాసి వచ్చాను:
చూడలేదు. ఆవిడని అడగండి, పేజీ నలభై ఏడు.

గ్రంథాలయం పుస్తకాల్లో రాయకూడదని
పిల్లలకి ఏటా చెప్పేది నేనే.